నీలి గుర్రం తీర్పు

గోగులకోట అని ఒకానొక చిన్న రాజ్యం ఉండేది. ఎంత చిన్నదంటే, రాజుగారి ఏనుగు తిక్క రేగి పరుగు లంకించుకుంటే అన్నం వేళకల్లా పొరుగు రాజ్యంలో తేలేది. ఆ రాజ్యాన్ని ఉద్దండవర్మ అనే రాజు ఏలేవాడు. మనిషి చెడ్డవాడు కాడు. ప్రజలంటే ప్రేమ, పులిహోర అంటే ప్రాణం. ఉన్న జబ్బల్లా ఒక్కటే. తనంత గొప్పగా తీర్పు చెప్పేవాడు భూమండలంలో మరొకడు లేడని ఆయన గట్టి నమ్మకం.

తీర్పు చెప్పి ఊరుకున్నా బాగుండేది. చెప్పిన ప్రతి తీర్పునూ కోట గుమ్మం పక్కనున్న నల్లరాతి మీద చెక్కించేవాడు. "అరుగు మీద నిద్రపోవు కుక్కను తొక్కినవాడు ఆ కుక్కకు క్షమాపణ చెప్పుకొనవలెను" అన్నది అందులో మొదటి వాక్యం. ఒకసారి రాతికెక్కిన మాటను చెరిపిస్తే తన ముఖాన తానే మసి పూసుకున్నట్టని ఆయన అభిప్రాయం. అందువల్ల మంచి తీర్పులూ పిచ్చి తీర్పులూ కూడా ఎండకూ వానకూ చెక్కుచెదరకుండా అక్కడ నిలబడి ఉండేవి.

రాజుగారి పక్కన తమలపాకుల పెట్టె పట్టుకుని నిలబడడానికి ఒక మనిషి ఉండేవాడు. ఆ పెట్టెను అడపం అంటారు. పట్టుకునే మనిషి పేరు బూచెన్న. ఆకు ఈనె తీయడం, సున్నం రాయడం, చిలక చుట్టి అందించడం, ఇంతే అతని ఉద్యోగం. కాని రాజుగారి నోట్లో తాంబూలం నిండుగా ఉన్నప్పుడు మాట్లాడితే ఆయన అడ్డు చెప్పలేరన్న సంగతి బూచెన్న ఎప్పుడో కనిపెట్టాడు. అందుకే మంత్రులు చెప్పలేని మాటలు కూడా అతను చెప్పగలిగేవాడు.

ఇలా ఉండగా, ఒక చైత్రమాసంలో గొడవ మొదలైంది.

కోట వెనక వీధిలో నూకాలు అనే ఆవిడ బట్టలకు నీలిరంగు అద్దేది. పెరట్లో మెడదాకా పాతిపెట్టిన పెద్ద బానలుండేవి. వాటిల్లో నీలిమందు పులుస్తూ ఉండేది. ఈ పనిలో ఒక వింత ఉంది. బానలో ముంచి తీసిన బట్ట వెంటనే నీలంగా కనబడదు. పసుపు నీళ్ళలో ముంచినట్టు పచ్చగా పైకి వస్తుంది. గాలి తగిలిన కొద్దీ రంగు తిరిగి, చూస్తూ ఉండగానే నీలమవుతుంది. అద్దకం వాళ్ళకు ఇది రోజూ చూసే తంతు. మిగతా ఊరికి తెలియదు, ఎందుకంటే ఆ వాసనకు ఆ పెరటి వైపు ఎవరూ వచ్చేవారు కాదు.

ఆ పెరటి గోడకు అవతల దళవాయి సింగమనాయుడి గుర్రపుశాల. కోట కాపలా అంతా ఆయన చేతిలోనే ఉండేది. ఆయనకు రాజహంస అనే తెల్లగుర్రం ఒకటి ఉండేది. దాని ఒంటి మీద ఈగ వాలినా ఆయన కత్తి దూసేవాడు. ఊరేగింపుల్లో రాజుగారి ముందు నడిచే గుర్రం అదే.

ఒకనాడు పొద్దున నూకాలు బానలోంచి తీసిన బట్టతాను ఒకటి పిండి, దండెం మీద ఆరవేసింది. అంతలో సుడిగాలి లేచింది. ఆ బట్టతాను ఎగిరి, గోడ దాటి, సరాసరి వెళ్ళి రాజహంస వీపు మీద పడింది.

సింగమనాయుడు అప్పుడే తూర్పు తిరిగి, తనకు సేనాపతి పదవి రావాలని అమ్మవారికి దణ్ణం పెట్టుకుంటున్నాడు. కళ్ళు తెరిచేసరికి గుర్రం మీద పచ్చటి తడిబట్ట. ఆకాశం నుంచి పసుపుబట్ట దిగివచ్చిందని ఆయన ఒళ్ళు పులకరించింది. స్వయంగా తన చేతులతో దాన్ని గుర్రం మెడ నుంచి తోకదాకా సరిచేసి, పొట్ట కింద ముడివేశాడు.

నూకాలు గోడ మీదుగా తల పెట్టి చూసి గుండె బాదుకుంది.

"దొరా, అది నా బట్టండి. తీసెయ్యండి. గుర్రాన్ని గబగబా కడిగించండి."

"అమ్మవారు పంపిన బట్ట నీదెట్లా అవుతుంది?"

"అమ్మవారు కాదు దొరా, గాలి పంపింది. నిలబడకండి, ముందు నీళ్ళు పొయ్యండి."

"దీని మీద నీ కన్ను పడిందన్నమాట," అని ఆయన మళ్ళీ కళ్ళు మూసుకుని స్తోత్రం అందుకున్నాడు. స్తోత్రం పొడుగైనది. అది పూర్తయ్యేసరికి పసుపు కాస్తా ఆకుపచ్చ అయింది, ఆకుపచ్చ నెమలికంఠమైంది. ఆయన కళ్ళు తెరిచి, బట్ట లాగి పారేసేసరికి గోగులకోట రాజ్యానికి ఒక నీలిగుర్రం దక్కింది.

వ్యవహారం సభకు వచ్చింది. గుర్రాన్ని కూడా తీసుకువచ్చారు. అది మాత్రం ఏమీ ఎరగనట్టు గుమ్మానికి కట్టిన మామిడి తోరణం నములుతూ నిలబడింది.

నూకాలు చేతులు జోడించింది. "ప్రభూ, దండెం బిగించి కట్టకపోవడం నా తప్పే, కాదనను. దాని ఒంటికి ఏ హానీ లేదు. పాత వెంట్రుక రాలి కొత్తది వస్తే తెల్లబడుద్ది. అందాకా దొరగారు ఏ చాకిరీ చెప్పినా చేస్తాను. కాని నేను అరిచినప్పుడే బట్ట తీసి కడిగించి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు."

సింగమనాయుడు మీసం సవరించుకుంటూ పైకప్పు వైపు చూశాడు.

రాజు చెయ్యెత్తాడు. "బట్ట ఎవరు కప్పారు, గాలి ఎటు వీచింది, ఇవన్నీ చిన్న బుర్రలకు తోచే ప్రశ్నలు. మేము అడిగేది ఒక్కటే. ఆ రంగు ఎవరిది?"

"నాదే ప్రభూ."

"అయితే తీర్పు వినండి. రంగు ఎవరిదో నష్టం వారిది. తెలిసి చేసినా, తెలియక చేసినా, ఎంతవారైనా సరే. పాడైన వస్తువు మునుపటిలా అయ్యేవరకు, రంగు వేసినవారు పని చేసుకునే చోటికి తాళం పడవలెను." ఆ "ఎంతవారైనా సరే" అన్న ముక్క తీర్పుకు అవసరం లేదు. వినసొంపుగా ఉందని ఆయన చేర్చాడు, అంతే.

సభ భేష్ అన్నది. బూచెన్న మాత్రం ఆకు ఈనె తీస్తూ ఆ ముక్కను మనసులో మరోసారి అనుకున్నాడు.

సింగమనాయుడే వెళ్ళి నూకాలు పెరటికి తాళం వేశాడు. ఆ సాయంత్రం ఆమె బూచెన్న ఇంటికి వచ్చి గుమ్మంలో కూలబడింది.

"అన్నా, నేను కూలి చేసుకునైనా బతుకుతాను. నా బాన బతకదు."

"బాన బతకడమేమిటమ్మా?"

"అది కుండ కాదన్నా. మా అత్తగారి చేతి బాన. ఆమెకు వాళ్ళత్తగారు ఇచ్చింది. రోజూ తగిరిస గింజల కషాయం పోసి, సున్నం చూసి, కలియబెట్టి, వాసన చూడాలి. పలకరించకుండా నాలుగు రోజులు వదిలేస్తే చచ్చిపోద్ది. చచ్చిన బాన నీళ్ళు మళ్ళీ రంగివ్వవు."

"కొత్తది పెట్టుకోలేవా?"

"తోడు లేకుండా పెరుగు పెట్టమంటే పెడతావా? పాత బాన నీళ్ళు పోస్తేనే కొత్త బాన పడేది. గుర్రం వెంట్రుక రాలేసరికి వానలు వస్తాయి. అప్పుడు తాళం తీసి నేనేం చేసుకోను?"

బూచెన్నకు నిజంగానే బాధ వేసింది. తప్పు చేశానని ఒప్పుకుంది, దిద్దుకుంటానన్నది. దిద్దే చేతికే సంకెళ్ళు వేస్తే దిద్దేదెట్లా? రాజుగారికి ఈ చిన్న సంగతి ఎందుకు తోచలేదో అతనికి అర్థం కాలేదు.

మర్నాడు భోజనం కాగానే, రాజుగారి నోట్లో పెద్ద తాంబూలం పెట్టి, బూచెన్న ఈ మాటా, నూకాలు బాన సంగతీ విన్నవించాడు. రాజు నములుతూ మొత్తం విన్నాడు. తరువాత తలుపుల్లోంచి కనబడే నల్లరాయి వైపు వేలు చూపించి, తల అడ్డంగా ఊపాడు. నోరు ఖాళీ అయ్యాక, "రాతికెక్కిన మాటను మేము కూడా దాటలేము బూచెన్నా," అన్నాడు బరువుగా.

బూచెన్న ఇక వాదించలేదు. "మీరు కూడానా ప్రభూ?" అని మాత్రం అడిగాడు.

"మేము కూడా."

"అదే కదా ఏలినవారి గొప్పతనం," అని బూచెన్న పెట్టె మూసి సెలవు తీసుకున్నాడు.

ఆ మరునాడే వసంతోత్సవం. ఏటా ఆ రోజున రాజుగారు ఏనుగెక్కి, పసుపూ సున్నం కలిపిన ఎర్రటి వసంతాన్ని బంగారు చిమ్మనగ్రోవితో ప్రజల మీద చిమ్మేవాడు. ప్రజలు కూడా సిద్ధపడే వచ్చేవారు. ఇంట్లో మసిగుడ్డకు కూడా పనికిరాని బట్ట ఏదుంటే దాన్ని ఒంటికి చుట్టుకుని వచ్చేవారు. పండగనాడు గోగులకోట వీధులు చూస్తే దేశమంతా కరువొచ్చి ఇక్కడే ఆగిందా అనిపించేది. రాజుగారికి ఏటా అదొక్కటే లోటుగా ఉండేది.

బూచెన్న పండగ ముందురోజు సాయంత్రం నల్లరాయి పక్కన తీరిగ్గా కూర్చుని వక్కలు కత్తిరించుకుంటున్నాడు. దారిన పోయేవాళ్ళు ఆగి, కొత్తగా చెక్కిన వాక్యం ఏమిటని అడిగారు. అతను చదివి వినిపించాడు. "రంగు ఎవరిదో నష్టం వారిది" అన్నది ఒకసారి, "ఎంతవారైనా సరే" అన్నది రెండుసార్లు.

అక్కడున్న ముసలావిడ గౌరమ్మకు చెవులు అంతంతమాత్రంగానే వినబడేవి గాని బుర్ర చురుకు. "అయితే రేపు వసంతం పడి చీర పాడైతే నష్టం ఎవరిది నాయనా?" అని అడిగింది.

"నన్నడుగుతావేం అవ్వా, రాయి చెబుతోందిగా."

"నా పెళ్ళి పట్టుచీర పెట్టెలోనే ముక్కిపోతోంది," అన్నది గౌరమ్మ ఆలోచిస్తూ.

"రాజుగారికి మన పేదబట్టలు చూసి ఏటా మనసు నొచ్చుకుంటోందమ్మా. నూకాలు బాన సంగతి కూడా కాస్త మనసులో పెట్టుకుంటే మంచిది."

అంతకుమించి అతను ఏమీ చెప్పలేదు. చెప్పనవసరం లేకపోయింది. ఊరు చిన్నది, నోళ్ళు పెద్దవి. అయినా రాత్రంతా బూచెన్నకు నిద్ర లేదు. రాజుకు కోపం వస్తే నూకాలు బానతోపాటు ఊరి పట్టుబట్టలు, తన ఉద్యోగం కూడా పోయినట్టే.

తెల్లవారింది. రాజుగారు ఏనుగెక్కి కోట దాటేసరికి ఆయన కళ్ళు చెదిరాయి. వీధికి ఇరువైపులా పట్టుచీరలు, జరీ కండువాలు, మల్లెల్లా తెల్లని పంచెలు. గౌరమ్మ పెళ్ళినాటి తెల్లపట్టులో పెళ్ళికూతురిలా అందరికంటే ముందు నిలబడింది.

"చూశావా బూచెన్నా," అన్నాడు రాజు మురిసిపోతూ. "మా మీద వీళ్ళకెంత ప్రేమ."

"మంచి బట్టలు ప్రభూ. ఈ ఏడు కొంచెం తగ్గించి చిమ్మితే బాగుంటుందేమో."

"తగ్గించడమా? ఇన్నాళ్ళకు మా రంగుకు తగిన బట్టలు దొరికాయి."

"ఎవరి రంగు ప్రభూ? ఈ గోలలో వినబడలేదు."

రాజు అంబారీలో లేచి నిలబడి, చిమ్మనగ్రోవి పైకెత్తి, ఊరంతా వినేలా అన్నాడు. "మా రంగు. ఇది ఉద్దండవర్మ రంగు."

జనం జేజేలు కొట్టారు. రాజు ఇక ఆగలేదు. ఎన్నడూ లేనంత ఉత్సాహంతో చిమ్మాడు. ఒక్క పంచె తెల్లగా మిగలలేదు. నడుస్తూ వస్తున్న సింగమనాయుడి పాలనురుగు లాంటి తలపాగాకు కూడా నిండుగా దక్కింది.

మరుసటి రోజు సభ కొలువుతీరగానే గౌరమ్మ ఎర్రబారిన చీర చేత్తో పట్టుకుని వచ్చింది. ఆమె వెనక నేతగాళ్ళు, వాళ్ళ వెనక కోమట్లు, వాళ్ళ వెనక పూజారి, ఆయన వెనక ఊరు. సభ నిండి, మెట్లు నిండి, మిగిలినవాళ్ళు గోడలెక్కారు.

"ప్రభూ, నా పెళ్ళిచీర పాడైంది," అన్నది గౌరమ్మ.

రాజు జాలిగా చూశాడు. "ఎవరు పాడుచేశారు? చెప్పు. మేము తీర్పు ఇస్తాము."

"తీర్పు ఇచ్చేశారుగా నాయనా. బయట రాతి మీదుంది. రంగు ఎవరిదని అడగడం ఒక్కటే మిగిలింది."

రాజు నోరు తెరిచాడు. సరిగ్గా ఆ సమయానికి బూచెన్న అందులో తాంబూలం పెట్టాడు.

"ఏలినవారు ఆలోచిస్తున్నారు," అన్నాడు బూచెన్న సభకు. "నేను గుర్తుచేస్తాను. పండగ కోసం సరదాగా చిమ్మారు, పాడుచేయాలని కాదు. కాని రాతి మీద తెలిసి చేసినా తెలియక చేసినా అని ఉంది. చిమ్మింది మహారాజు కదా అందామంటే ఎంతవారైనా సరే అని కూడా ఉంది. పాడైన వస్తువు మునుపటిలా అయ్యేవరకు పని చేసుకునే చోటికి తాళం పడాలని ఉంది. ఏలినవారి పని ఈ సభలోనే, ఈ సింహాసనం మీదే కదా. దళవాయిగారూ, తాళం వేసే ఉద్యోగం తమదే."

సింగమనాయుడు ఆజ్ఞ అంటే ఆలోచన లేని మనిషి. వెంటనే నూకాలు పెరటికి వేసిన తాళం లాంటిదే ఇంకొకటి తెప్పించాడు. ద్వారం దగ్గర నిలబడి, ఎర్రటి తలపాగా వంచి, వినయంగా అడిగాడు. "ప్రభూ, తాము లోపలుండగా వేయమంటారా, బయటికి వచ్చాక వేయమంటారా?"

రాజు ఆ తాంబూలాన్ని ఎలాగో మింగేశాడు. ముఖం కందగడ్డలా ఎర్రబడింది. బూచెన్న పెట్టెను గట్టిగా పట్టుకున్నాడు.

"బట్టలు బాగుచేయించి ఇచ్చేస్తే సరిపోతుంది కదా," అన్నాడు రాజు. "ఈ ఊళ్ళో ఆ పని ఎవరు చేయగలరు?"

"నూకాలు చేయగలదు ప్రభూ," అన్నాడు బూచెన్న. "బానలో ముంచితే మరకలు కనబడకుండా ఒకే రంగు తేలుతాయి."

"అయితే పిలవండి ఆమెను."

నూకాలు జనంలోంచి ముందుకు వచ్చింది. "చిత్తం ప్రభూ. సాయంత్రానికే మొదలుపెడతాను. కాని నా పెరటికి తాళం ఉంది."

"తీయండి ఆ తాళం."

"గుర్రం తెల్లబడలేదు ప్రభూ," అన్నాడు సింగమనాయుడు. "రాతికెక్కిన మాట."

"గుర్రం ఎప్పుడు తెల్లబడుతుంది?"

"వానాకాలానికి," అన్నది నూకాలు.

"అందాకా బాన బతుకుతుందా?"

"ఇవాళో రేపో అన్నట్టుంది ప్రభూ. నిన్న గోడవతల నిలబడి వాసన చూశాను. బాన పోతే ఇక వాళ్ళ బట్టలూ బాగుపడవు, మీ సభా తెరుచుకోదు."

రాజు తాళం వైపు చూశాడు. ఎర్రబట్టలు కట్టుకున్న ఊరి వైపు చూశాడు. గుమ్మం బయట మళ్ళీ తోరణం నమలడానికి వచ్చిన నీలిగుర్రం వైపు చూశాడు. మొదట ఆయన మీసం కదిలింది. తరువాత పొట్ట కదిలింది. ఆ తరువాత సింహాసనం మీద పడి పడి నవ్వాడు. ఆయన నవ్వితే నవ్వాలో వద్దో తెలియక కాసేపు బిగబట్టిన సభ కూడా చివరికి గొల్లున నవ్వింది.

"దిద్దాల్సినవాళ్ళ చేతులే కట్టేశాము," అన్నాడు రాజు కళ్ళు తుడుచుకుంటూ. "మా చేతులు కట్టేదాకా ఆ సంగతి మాకు తెలియలేదు. కాని బూచెన్నా, రాతి మీద మాట చెరపడం మాత్రం జరగని పని."

"చెరపడమెందుకు ప్రభూ. కింద జాగా చాలా ఉంది."

అలా ఆ వాక్యం కింద మరో వాక్యం చేరింది. "నష్టము పొరపాటున జరిగినదైతే పని మూయరాదు. ఏ పనివల్ల చెడినదో ఆ పనితోనే సరిచేసి ఇవ్వవలెను." శిల్పి ఇంకా ఉలి తీయకముందే తాళం తీయించి, రాజు స్వయంగా నూకాలు పెరట్లోకి నడిచాడు. ముక్కు మూసుకున్నాడు గాని వెనక్కి తిరగలేదు. నూకాలు బాన మీద మూత తీసి, వంగి వాసన చూసి, ఒక చుక్క నాలుక మీద వేసుకుంది.

"బతికుందా?" అన్నాడు రాజు, వైద్యుణ్ణి అడిగినట్టు.

"అలిగింది ప్రభూ. బతిమాలుకుంటాను," అని ఆమె నవ్వుతూ ఏడ్చేసింది.

నీళ్ళలో జాడిస్తే వసంతం ఎరుపు పోయి పసుపు మిగిలింది, ఆ పసుపు మీద నీలం పడి ఊరి బట్టలన్నీ చిలకపచ్చగా తేలాయి. గౌరమ్మ ఆ చీర తనకు పెళ్ళినాటి కంటే ఇప్పుడే బాగా నప్పిందని ఇల్లిల్లూ తిరిగి చూపించుకుంది. రాజహంస వీపు మీద నీలం కనబడకుండా నూకాలు పువ్వుల దుప్పటి ఒకటి అద్ది కుట్టించి ఇచ్చింది. సింగమనాయుడు దాన్ని రెండు చేతులతో అందుకుని, ఈసారి రంగు ఆరిందా అని అడిగి మరీ కప్పాడు.

అన్నీ చక్కబడ్డాక రాజు ఒకనాడు నిండుసభలో బూచెన్నను ముందుకు పిలిచాడు.

"ఊరి జనం మొత్తం ఒకే రోజు పట్టుబట్టలు కట్టుకుని రావడం మాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంది. వాళ్ళకు ఆ తెలివి ఇచ్చిన నోరు ఎవరిదో నీకేమైనా తెలుసా?"

బూచెన్న తల వంచుకున్నాడు. "నాదే ప్రభూ. కాని వక్కలు కత్తిరించుకుంటూ పొరపాటున జారింది."

"పొరపాటునే కదా?"

"పొరపాటునే ప్రభూ."

"అయితే శాసనం ప్రకారం నీ పని మూయడానికి లేదు," అన్నాడు రాజు, నవ్వు ఆపుకోలేక. "ఏ నోటివల్ల మాకు ఆ అవస్థ వచ్చిందో ఆ నోటితోనే నువ్వు సరిచెయ్యాలి. ఇకనుంచి మేము ఏ తీర్పు చెప్పబోయినా ముందు నువ్వు విను. నచ్చకపోతే మా నోట్లో తాంబూలం పెట్టు."

అని మెడలోని ముత్యాలహారం తీసి బూచెన్న మెడలో వేసి, కోమలమైన ఆకులు పండే తోట ఒకటి అతని పేర రాయించాడు. బూచెన్న హారం సర్దుకుని, వంగి దణ్ణం పెట్టి, ఆ రోజుకు రాజుగారు చెప్పబోయే మొదటి తీర్పు ఏమిటని అడిగాడు. రాజు చెప్పాడు. బూచెన్న పూర్తిగా విని, మారు మాట్లాడకుండా అడపం మూత తెరిచి, అన్నిటికంటే పెద్ద ఆకును ఏరడం మొదలుపెట్టాడు.